బరువు తగ్గించే ఇంజెక్షన్‌తో తాగుడు పోతుందా? అపోహలు - వాస్తవాలు

"డాక్టరు గారూ, ఆ బరువు తగ్గే ఇంజెక్షన్ వేస్తే తాగుడు కూడా పోతుందట కదా?" గాజువాకలోని నా క్లినిక్‌లో ఈ మాట వినని వారం ఉండటం లేదు. అడిగేది తాగే మనిషి కాదు. భార్యో, తల్లో, పెళ్లీడుకొచ్చిన కూతురో అడుగుతారు. ఆ వెంటనే గొంతు తగ్గించి రెండో ప్రశ్న వేస్తారు: "ఆయనకు తెలియకుండా వేయవచ్చా?"

ఒకప్పుడు ఇదే ప్రశ్న కూరలో కలిపే పొడి గురించి వచ్చేది. ఆ పొడిలో మద్యంతో పడని డైసల్ఫిరామ్ అనే మందు ఉండి, సంగతి తెలియని మనిషి దాని మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఎన్నేళ్లు చెప్పినా ఆ పొడి వాడకం పూర్తిగా పోలేదు. ఇప్పుడు దాని పక్కకు బరువు తగ్గించే ఇంజెక్షన్ పెన్ను వచ్చి చేరింది.

అపోహ: ఇంజెక్షన్ పడితే తాగుడు దానంతట అదే ఆగిపోతుంది, వేరే చికిత్స అక్కరలేదు.

వాస్తవం: అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. ఒక వేట నిషేధ కాలంలో జరిగింది చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లు కదలవు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఉండే ఒక బోటు డ్రైవరు, యాభై దాటిన భారీ మనిషి. పొద్దున లేవగానే ఒక గుక్క పడనిదే ఆయన చేతి వణుకు ఆగేది కాదు. కొడుకు ఫోనులో ఏదో వీడియో చూసి, డాక్టరు చీటీ లేకుండానే పెన్ను సంపాదించి, "షుగరు ఇంజెక్షన్ నాన్నా" అని పొట్ట మీద వేశాడు. మర్నాటి నుంచి వికారం, వాంతులు. అన్నం దిగలేదు, మద్యమూ దిగలేదు. ఇంట్లో అందరూ సంతోషించారు. ఇల్లాలు సింహాచలం మెట్లెక్కుతానని మొక్కుకుంది కూడా.

రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు నేను వార్డులో చూసేసరికి ఆయన మంచం మీద కూర్చుని, లేని వలను రెండు చేతులతో లాగుతున్నాడు. ఒక చెయ్యి తర్వాత మరో చెయ్యి, లయ తప్పకుండా. మధ్యలో ఆగి దుప్పటి అంచుకు ముడి వేస్తాడు, మళ్లీ లాగుతాడు. ఒళ్లంతా చెమట. పక్కన నిలబడిన కొడుకును ఆనవాలు పట్టలేదు. కలాసీ అనుకుని "తాడు వదలకురా" అని అరుస్తున్నాడు. ఆ కుర్రవాడు గోడకు ఆనుకుని ఏడ్చాడు. అతణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. తండ్రిని బాగుచేసుకోవాలనే కదా అంత డబ్బు పోసింది!

జరిగింది ఇదీ: ఇంజెక్షన్ ఆయన వ్యసనాన్ని తీసేయలేదు. వాంతుల వల్ల తాగడం ఒక్కసారిగా ఆగిపోయింది, అంతే. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నపళంగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్, అంటే వణుకుతో, లేనివి కనబడే మతిభ్రమ, రావచ్చు. అప్పుడు వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. అందుకు లోరాజిపామ్ వంటి మందులు కావాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ కావాలి, కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. బరువు తగ్గించే ఇంజెక్షన్లలో ఉండే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఈ పని చేయవు. పైగా వాంతులతో తిండి తగ్గితే ఒంట్లో మిగిలిన కాస్త థయమిన్ కూడా తరిగిపోతుంది.

అపోహ: పరిశోధనల్లో రుజువైంది, డాక్టర్లే దాస్తున్నారు.

వాస్తవం: దాచేదేమీ లేదు. ఆశ ఉన్నమాట నిజం. ఈ మందులు అతుక్కుని పనిచేసే జీఎల్‌పీ-1 గ్రాహకాలు (ఆకలి తగ్గించే హార్మోనును అందుకునే కణభాగాలు) మెదడులో తృప్తికి సంబంధించిన భాగాల్లోనూ ఉన్నాయి. 2025లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో 48 మందికి తొమ్మిది వారాలు సెమాగ్లూటైడ్ లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. అసలు మందు పడినవాళ్లలో తాగాలనే యావ తగ్గింది, తాగిన రోజున తాగే మోతాదు తగ్గింది. తాగే రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. అంతకుముందు 2022లో, డెన్మార్క్‌లో 127 మంది మీద అదే జాతి మందు ఎక్సెనటైడ్‌తో చేసిన ప్రయోగంలో మొత్తం మీద ఉత్తుత్తి మందుకన్నా మేలు కనబడలేదు. ఊబకాయం ఉన్నవాళ్లలో అతిగా తాగే రోజులు తగ్గాయి, సన్నగా ఉన్నవాళ్లలో పెరిగాయి. నా దగ్గరకు వచ్చే తాగుడు రోగుల్లో ఎక్కువమంది ఎముకలు లెక్కపెట్టేలా ఉంటారు. వాళ్లకు ఆకలి చంపే మందా?

మన దేశంలో ఈ మందులకు అనుమతి షుగరుకు, బరువుకు ఉంది. మద్యం వ్యసనానికి లేదు. దానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని మధ్యలో ఆపేసి ఇంజెక్షన్ కోసం డబ్బు కూడబెడుతున్నవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

అపోహ: ఇంజెక్షనే వ్యసనమైపోతుంది.

వాస్తవం: కాదు. బరువు తగ్గడానికి పాతకాలంలో వాడి, వ్యసనంగా మారిన ఆంఫెటమిన్ జాతి బిళ్లల చెడ్డపేరు వీటికి అంటుకుంది. ఆపితే బరువు తిరిగి వస్తుంది, అది వేరే సంగతి.

సిగరెట్, గంజాయి కూడా పోతాయంటారు. అంత మాట అనడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు.

బరువు కోసం డాక్టరు పర్యవేక్షణలో ఈ మందు వాడుతూ, గ్లాసు మీద మనసు పోవడం లేదని కంగారు పడుతున్నవాళ్లకు ఒక మాట. మీ మెదడుకు ఏమీ కాలేదు. కానీ రోజూ తాగే అలవాటు ఉంటే మొదటి సూదికి ముందే ఎంత తాగుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాంక్రియాస్ వాపు ఎప్పుడైనా వచ్చి ఉంటే అదీ చెప్పండి. ఎవరిని అడగాలో తెలియకపోతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరు ఉంది.

ఆ బోటు డ్రైవరు పన్నెండో రోజున ఇంటికి వెళ్లాడు. నాల్ట్రెక్సోన్ వాడుతున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆయనే అడిగాడు, ఆ సూది తన బరువుకు పనికొస్తుందా అని. లివరు పరీక్షలు చూసి ఫిజీషియన్ మొదలుపెట్టారు, తక్కువ మోతాదుతో. ఇప్పుడు ఆదివారం ఆదివారం తన సూది తనే వేసుకుంటాడు. కొడుకు పక్కన కూర్చుని క్యాలెండరులో గీత పెడతాడు.