జల్లు పీకే పని, ఒక పాత తెగులు

సార్వా వరి కోసిన చేలో దుక్కి లేకుండానే మొక్కజొన్న గింజ పెట్టడం గోదావరి డెల్టాలో ఇప్పుడు మామూలే. కొన్నిచోట్ల విత్తన మొక్కజొన్న కూడా వేస్తారు. ఆడ వరసలు ఎక్కువ, మధ్య మధ్య ఒక మగ వరస. ఆడ మొక్కల జల్లు, అంటే కొసన వచ్చే మగ పూత, పుప్పొడి రాల్చకముందే పీకేయాలి. వాటి గింజ మగ వరస పుప్పొడితోనే కట్టాలి. పొద్దున్నే ఆడకూలీలు వరసల్లోకి దిగి, పై ఆకులు విడదీసి, జల్లు పట్టుకుని ఒక్క లాగు లాగుతారు. ఆకు అంచులు కోస్తాయని చీర మీద నిండు చేతుల చొక్కా వేసుకుంటారు. మర్నాడు మళ్లీ అదే చేలో తిరగాలి. నాలుగు జల్లులు మిగిలినా విత్తనం కల్తీయే.

ఈ కూలి ఖర్చు మిగుల్చుకోబోయి అమెరికా ఒకసారి బాగా దెబ్బతింది.

తరతరాలుగా తమ పుప్పొడితోనే పెంచగా బలహీనపడ్డ రెండు శుద్ధ వంశాలను కలిపితే వాటి సంతానం ఏపుగా వస్తుందని 1908లో జార్జ్ షల్ చూపించాడు. హైబ్రిడ్ కథ అక్కడ మొదలైంది, జల్లు పీకుడూ దాని వెంటే వచ్చింది. తర్వాత టెక్సస్‌లో పుప్పొడే రాల్చని రకం దొరికింది. ఆ గుణం తల్లి వైపు నుంచే దిగుతుంది. ఇంకేం, పీకే పనే లేదు! 1970 నాటికి అక్కడి మొక్కజొన్నలో దాదాపు 85 శాతం ఆ తల్లి బిడ్డలే. సంచుల మీద పేర్లు మాత్రం రకరకాలు. పుప్పొడిని ఆపిన ఆ జన్యువే ఆకుమాడు తెగులు విషానికి మొక్కను లొంగదీసింది. ఆ ఏడు దేశం పంటలో సుమారు 15 శాతం పోయింది.

నిజానికి మొక్కజొన్నకు వైవిధ్యం కరువు కాదు. 9 వేల ఏళ్ల కిందట మెక్సికోలో టియోసింటే అనే గడ్డి నుంచి వచ్చిన పంట ఇది. అక్కడి సిమిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రంలో 28 వేలకు పైగా నమూనాలు దాచారు. 2021లో 26 శుద్ధ వంశాల జన్యుపటాలు పక్కపక్కన పెట్టి చూస్తే, లక్షకు పైగా జన్యువుల్లో అన్నింటిలోనూ ఉన్నవి మూడో వంతే. తెగులును తట్టుకునే గుణం కోసం కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు ఆ మిగతా రెండు వంతుల్లో కూడా వెతకొచ్చు.

మన దేశంలో మొక్కజొన్న మీద పలు కేంద్రాలు కలిసి చేసే సమన్వయ పరిశోధన 1957లో మొదలైంది. 1961లో గంగ, రంజిత్, దక్కన్ హైబ్రిడ్లు వచ్చాయి. ఇప్పుడు ఏలూరులో విత్తనాల కొట్టుకు వెళితే రకానికో రంగు ప్యాకెట్. దాని మీద పేరు, మొలక శాతం, గడువు తేదీ ఉంటాయి. తల్లి ఎవరో, తండ్రి ఎవరో ఉండదు.