దెబ్బలకు ఒప్పుకున్నది రుజువు కాదు: ఆ మాట మద్రాసుకు ఎలా చేరింది

చెన్నైలో బిల్డింగ్ పనులకు వచ్చిన తెలుగు కూలీని దొంగతనం కేసులో పట్టుకుంటే, స్టేషన్లో రాసే కాగితాలు తమిళంలో ఉంటాయి. మనవైపు పంచనామా అనేదాన్ని ఇక్కడ మహజర్ అంటారు. కింద వేలిముద్ర వేసినవాడికి పైన ఏం రాశారో తెలియకపోవచ్చు. అయినా అందులోని "నేరం నేనే చేశాను" అన్న వాక్యం కోర్టులో చెల్లదు. పోలీసు అధికారి దగ్గర చెప్పిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1కి ముందు ఇదే 1872 చట్టంలో 25వ సెక్షన్.

18వ శతాబ్దం దాకా యూరప్‌లో చాలాచోట్ల చిత్రహింస విచారణలో ఒక భాగం. ఒప్పుకోలుకు మించిన రుజువు లేదనుకునేవారు. ఇటలీలోని మిలాన్‌కు చెందిన ఆలోచనాపరుడు చెజారే బెక్కారియా 1764లో ఒక చిన్న పుస్తకంతో ఆ నమ్మకాన్ని దెబ్బతీశాడు. అతని వాదన ఇది: నేరం రుజువైతే హింస అక్కర్లేదు. రుజువు కాకపోతే చట్టం దృష్టిలో అతను నిర్దోషి, నిర్దోషిని హింసించే హక్కు ఎవరికీ లేదు. పైగా కండబలమున్న దోషి ఓర్చుకుని బయటపడతాడు, ఒంట్లో సత్తువలేని నిర్దోషి తట్టుకోలేక ఒప్పుకుంటాడు. ఆ పుస్తకానికి ఫ్రెంచి రచయిత వోల్తేర్ 1766లో వ్యాఖ్యానం రాశాడు. అంతకుముందే, 1748లో, శాసనం, పాలన, తీర్పు ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ మిగలదని మరో ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ రాశాడు.

ఒకే చేతిలో పడితే ఏమవుతుందో మద్రాసు ప్రెసిడెన్సీ రైతులు అనుభవించారు. 1816 రెగ్యులేషన్‌తో కలెక్టరే మేజిస్ట్రేటు అయ్యాడు, శిస్తు వసూలు చేసే తహసీల్దారే తాలూకా పోలీసుకు పెద్ద. శిస్తు కట్టలేదని కొట్టింది ఎవరో, ఫిర్యాదు విని రాసుకోవాల్సిందీ వాళ్లే. కిట్టి అనే పనిముట్టు ఉండేది: ఒక కొసన కలిపి కట్టిన రెండు కర్రలు, మధ్యలో వేళ్లు పెట్టి నొక్కేవారు. మెడను కాళ్లకు తాడుతో కట్టి, మనిషిని వంచి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచేవారు.

దీన్ని లండన్ దాకా తీసుకెళ్లినవాడు మద్రాసులోని తెలుగు వ్యాపారి గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. 1853లో వచ్చిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌ను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు. సేమూర్ 1854లో పార్లమెంటులో సంగతి లేవనెత్తాక, ముగ్గురు సభ్యులతో కమిషన్ వేశారు. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. ఇందులో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, మిగతావి ఉత్తరాలు. శిస్తు వసూలులోనూ పోలీసు విచారణలోనూ హింస ఉందని 1855 నివేదిక ఒప్పుకుంది. తెలుగువాళ్లు ఈ మనిషిని ఇంకా ఎక్కువగా తలచుకోవాల్సింది.

ఫలితంగా 1859 మద్రాసు పోలీసు చట్టం శిస్తు నుంచి పోలీసును విడదీసింది. పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదన్న నియమం 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మొదట చేరి, 1872లో సాక్ష్య చట్టంలోకి వచ్చింది. ఆ చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ఇండియాలో పనిచేసిన ఒక అధికారి తనతో అన్న మాట తర్వాత రాశాడు: ఎండలో సాక్ష్యాలు వెతుక్కుంటూ తిరగడం కంటే, నీడన కూర్చుని ఎవడి కళ్లలోనో కారం రుద్దడం హాయి. జబ్బు ఎక్కడుందో ఇంత సూటిగా చెప్పిన మాట మరోటి లేదు.

అయితే చట్టంలోనే ఒక సందు ఉంది. అది పాత 27వ సెక్షన్, ఇప్పుడు 23వ సెక్షన్‌కు మినహాయింపు. నిందితుడు చెప్పినదాన్నిబట్టి ఏదైనా దొరికితే, దొరికినదానికి సూటిగా సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. హద్దు గీసింది గుంటూరు నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో 1946లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో ఇండియా కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు. "మా ఇంటి కప్పులో కత్తి దాచాను" అనే భాగం చెల్లుతుంది. "దాంతోనే పొడిచాను" అనే భాగం చెల్లదు. కోర్టుకు పనికొచ్చేది కత్తి ఒక్కటే కాదు, అది అక్కడుందని ఇతనికి తెలుసు అన్న సంగతి. అందుకే వస్తువు దొరికినట్టు (రికవరీ) చూపించాలన్న ఆత్రం పోలీసులకు పుడుతుంది, దెబ్బలు మళ్లీ ఆ దారినే లోపలికి వస్తాయి. ముందే దొరికిన వస్తువును తర్వాత దొరికినట్టు రాస్తే డిఫెన్సు వకీలు పట్టుకోవాల్సింది కాలక్రమాన్నే: పట్టుకెళ్లిన గంట, మహజర్ మీది గంట, సాక్షులు ఏ ఊరివాళ్లు.

అరెస్టు సమయం కూడా అంతే. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది. ముందురోజు సాయంత్రం పట్టుకెళ్లి, మర్నాడు అరెస్టు చూపిస్తే ఆ లెక్క చెడుతుంది. సుప్రీంకోర్టు 1996 డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో మీద కనీసం ఒక సాక్షి సంతకం, తేదీ, సమయం ఉండాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. అదే కోర్టు 2020 తీర్పు ప్రకారం స్టేషన్లోని సీసీ కెమెరా రికార్డింగ్ 18 నెలలు, తప్పకపోతే కనీసం ఏడాది దాచాలి. ఫుటేజీ కావాలని ఇంటివాళ్లు వెంటనే రాతపూర్వకంగా అడగడం మంచిది. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

ఒప్పుకోలు చెల్లాలంటే మేజిస్ట్రేటు ముందు ఇవ్వాలి. చెప్పి తీరాలన్న నిర్బంధం లేదనీ, చెబితే తన మీదే వాడొచ్చనీ మేజిస్ట్రేటే నిందితుడికి ముందుగా వివరించాలి. నిందితుడు "నేను చెప్పను" అంటే, ఆ కారణంగా అతన్ని మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. తమిళం రాని కూలీకి ఈ మాటలు తెలుగులో వినపడాలి, అందుకు దుభాషి కావాలని మొదటి రోజే అడగాలి.