బురఖా వేసుకుంటే రిజిస్ట్రేషన్ అవదా? అపోహలు - వాస్తవాలు

ఏదో ఒక దేశం బురఖాని నిషేధించిందని టీవీలో వస్తే చాలు, ఆ వారమంతా అమలాపురంలో మా ఆఫీసుకి ఫోన్లే. "మేడమ్, మన దగ్గర కూడా వచ్చేసిందంట కదండీ, అమ్మాయిని పరీక్షకి పంపమంటారా?" అని ఒకరు అడిగితే, "రిజిస్ట్రార్ ఆఫీసుకి నేను రాకుండా పనయ్యే దారి ఉందాండీ?" అని ఇంకొకరు. భూమి తగాదాలు, వారసత్వం కేసులు చూసే లాయర్ని కాబట్టి ఆ రెండో ప్రశ్న వింటే నాకు టెన్షన్.

అపోహ: మన దేశంలో ముఖం కప్పుకోవడం నేరం.

కాదు. రోడ్డు మీదో, బస్సులోనో, సంతలోనో ముఖం కప్పుకుని తిరగకూడదని దేశమంతటికీ వర్తించే చట్టం లేదు, ఆంధ్రప్రదేశ్‌లోనూ లేదు. జనం కలగలిపేస్తున్నది కర్ణాటక గొడవని. 2022 ఫిబ్రవరి 5న అక్కడి ప్రభుత్వం విద్యాసంస్థల యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. తగాదా అంతా తరగతి గదిలో తలకు చుట్టుకునే స్కార్ఫ్ గురించే. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వుని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో రకంగా తీర్పు చెప్పడంతో విషయాన్ని పెద్ద బెంచికి పంపారు. "సుప్రీంకోర్టు బురఖా రద్దు చేసేసింది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు దయచేసి ఆపండి. మీ మెసేజ్ చూసి ఇల్లు కదలని ఆడవాళ్లున్నారు.

అపోహ: పరదా ఉన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ అవదు, ఇంట్లో మగవాళ్లకి జీపీఏ (మన తరఫున వ్యవహారాలన్నీ చేసే అధికారం ఇచ్చే పత్రం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. లంక గ్రామం నుంచి ఒక ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. భర్త పోయారు, కొబ్బరి తోటలో వాటా తేలాలి. "వదినా, బురఖాతో ఆఫీసులోకి రానివ్వరు, టీవీలో చూడలేదా? ఇక్కడ వేలిముద్ర వెయ్యి, మిగతాది నేను చూసుకుంటా" అని మరిది కాగితాలు తెచ్చాడట. చదివి చూస్తే అది అమ్మకం అధికారంతో సహా ఇచ్చేసే జీపీఏ.

పంపకం దస్తావేజు రాయించి ఆవిడనే తీసుకెళ్లాం. గుమ్మం దగ్గరే ఒకాయన "ముసుగు తీస్తేనే లోపలికి" అని అడ్డుపడ్డాడు. రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ సెక్షన్ అడిగేది ఫోటో, వేలిముద్రలు. రాసిచ్చేవాళ్లు ఎవరో అధికారి నిర్ధారించుకోవాలి, అంతే. ఆ కాసేపు ముఖం చూపిస్తే చాలు, గుమ్మం బయటే తీసేయమనే అధికారం ఎవరికీ లేదు. మహిళా ఉద్యోగిని పిలవమని అడిగాం. మగవాళ్లని పక్కకి జరగమని ఆ ఉద్యోగినే కెమెరా తిప్పారు. నకాబ్ పైకెత్తడం, ఫోటో, మళ్లీ దించుకోవడం చిటికెలో అయిపోయాయి. అసలు ఆలస్యం అయింది దస్తావేజు చదివి వినిపించేటప్పుడు. "తూర్పు హద్దు పంట బోదె కదండీ, రోడ్డని రాశారేంటి?" అని ఆవిడ పట్టుకున్నారు. చెక్కుబందీ (హద్దుల వివరం) మార్పించాకే వేలిముద్ర వేశారు. తన తోట హద్దులు అంత బాగా తెలిసిన మనిషి ఆఫీసు మెట్లెక్కకుండా ఉండిపోయి ఉంటే?

అసలు వెళ్లలేని పరిస్థితి ఉంటే, తగిన కారణం చూపి అదే రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ కింద అధికారినే ఇంటికి రమ్మని అడగొచ్చు. ఆచారం ప్రకారం నలుగురిలోకి రాని స్త్రీలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ కోర్టు హాజరు నుంచి మినహాయింపు ఇస్తుంది. అలాంటివాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకీ రానక్కర్లేదని రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. పరదానషీన్ (పరదా పాటించే) స్త్రీ చేత రాయించుకున్న కాగితం ఆవిడకి అర్థమయ్యే రాసిందని రుజువు చేయాల్సిన భారం రాయించుకున్నవాడిదేనని మన కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కాబట్టి ఇప్పటికే వేలిముద్ర వేసేసినవాళ్లు కూడా బెంగపడి కూర్చోవద్దు, కాగితం నకలు తీసుకుని వెంటనే లాయర్ని కలవండి.

అపోహ: నిషేధిస్తే ఆడవాళ్లకి స్వేచ్ఛ వస్తుంది.

ఫ్రాన్స్‌లో 2011 ఏప్రిల్ 11 నుంచి నిషేధం అమల్లో ఉంది. ముఖం కప్పుకుంటే 150 యూరోల వరకు జరిమానా, బలవంతంగా కప్పించినవాళ్లకి ఏడాది జైలు, 30,000 యూరోలు. 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది, కానీ భద్రత కోసం అన్న వాదనని ఒప్పుకోలేదు. సమాజంలో ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తూ కలిసి బతకడానికి అన్న వాదననే ఒప్పుకుంది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అది హక్కుల ఉల్లంఘనేనంది. స్విట్జర్లాండ్‌లో 2021లో 51.2 శాతం ఓట్లతో నెగ్గిన నిషేధం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

నా మటుకు నేను నిషేధానికి వ్యతిరేకం. ఇష్టపడి వేసుకునేవాళ్లున్నారు, ఇంట్లోవాళ్ల ఒత్తిడికి వేసుకునేవాళ్లూ ఉన్నారు, ఇద్దరినీ చూస్తూనే ఉన్నాను. ఒత్తిడి ఉన్న ఇంట్లో నిషేధం వస్తే బురఖా పోదు, బయటికి రావడం పోతుంది. ఉత్త పుకారుకే జీపీఏలు రాయించేసుకుంటున్నారు, ఇక నిజంగా చట్టమే వస్తే మరిదికి అబద్ధం ఆడాల్సిన పని కూడా ఉండదు. బలవంతం చేసేవాళ్ల మీద 2005 గృహహింస చట్టం ఉంది, దాన్ని వాడదాం.

మిగతావి త్వరగా. నీట్ పరీక్షకి బురఖా, హిజాబ్ వేసుకుని వెళ్లొచ్చు, తనిఖీ కోసం ముందుగా చేరుకోవాలి. ఓటు దగ్గర ముఖం పోల్చుకోవాల్సింది పోలింగ్ సిబ్బంది, అందుకు మహిళా సహాయకురాలిని పెట్టే వీలు 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఉంది. అభ్యర్థికి గానీ ఏజెంటుకి గానీ ముసుగు ఎత్తమనే హక్కు లేదు. అనుమానం ఉంటే 2 రూపాయలు డిపాజిట్ కట్టి ప్రిసైడింగ్ అధికారి ముందు అభ్యంతరం చెప్పుకోవాలి.