ఆర్నెల్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

విదేశీ చదువుకు బయలుదేరే పిల్లలకు శ్రీకాకుళం జిల్లాలో పెద్దలు చెప్పే ధైర్యం ఇంచుమించు ఒక్కటే: "ఆర్నెల్లు ఓర్చుకో బాబూ, తర్వాత అదే అలవాటైపోద్ది." ప్రేమతో చెప్పే మాటే. కానీ దీని వెనక ఉన్న 70 ఏళ్ల పరిశోధన చూస్తే, ఈ లెక్క మీద పిల్లల్ని వదిలేయడం తప్పనిపిస్తుంది.

కొత్త దేశంలో కలిగే ఈ తికమకకు, ఆందోళనకు పేరు కల్చర్ షాక్. ఆ మాటకు ప్రచారం తెచ్చింది కాలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త. 1954లో రియో డి జెనీరోలో ఒక మహిళా క్లబ్బులో దీని గురించి మాట్లాడారు. 1960లో అది వ్యాసంగా వచ్చింది. ఎవరిని ఎలా పలకరించాలి, ఎదుటివాళ్లు ఒక మాట నిజంగా అన్నారా, మాటవరసకు అన్నారా అన్నవి సొంత ఊళ్లో ఆలోచించకుండానే తెలుస్తాయి. ఆ ఆనవాళ్లన్నీ ఒక్కసారిగా పోవడం వల్లే ఈ ఆందోళన అన్నారాయన. ముందు మురిపెం, తర్వాత సంక్షోభం, మెల్లగా కోలుకోవడం, చివరికి కుదురుకోవడం అని దశలు చెప్పారు.

కాలం లెక్క నార్వే సామాజికశాస్త్రవేత్త స్వెర్రే లిస్‌గార్డ్‌ది. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వేవాళ్ల అనుభవాలను ఆయన 1955లో ప్రచురించారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, 18 నెలలు దాటినవాళ్లు బాగానే ఉన్నారట. ఎక్కువ ఇబ్బంది పడింది మధ్యలోవాళ్లు. అంటే ఆ లెక్క ప్రకారం ఆర్నెల్లకు కష్టం తీరదు, అప్పుడే మొదలవుతుంది! పైగా ఒకే మనిషిని మొదటి నుంచి చివరిదాకా గమనించి తేల్చింది కాదది. ఉద్దానంలో కొబ్బరితోట తాకట్టు పెట్టి, లోన్ తెచ్చి పంపిన కుర్రాడి టెన్షన్ స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్ల అనుభవంలో ఎలా దొరుకుతుంది?

మనస్తత్వశాస్త్రవేత్త కోలీన్ వార్డ్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం నాకు అన్నిటికంటే ముఖ్యం. న్యూజిలాండ్‌లో జపాన్ విద్యార్థులను దిగిన 24 గంటల్లోపు ఒకసారి, మళ్లీ నాలుగు, ఆరు, పన్నెండు నెలలకు పలకరించారు. మురిపెం దశ కనిపించలేదు. దిగులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మొదట్లోనే. కాబట్టి ఫోన్‌లో గొంతు వణికినప్పుడు "అప్పుడేనా?" అనకూడదు.

"రూములో నలుగురూ తెలుగోళ్లే అయితే ఇంకేం నేర్చుకుంటావు?" అని కోప్పడేవాళ్లూ ఉన్నారు. స్టీఫెన్ బోక్‌నర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1970లలో హవాయిలో విదేశీ విద్యార్థుల స్నేహాలను పరిశీలించారు. మనసు తెరవడానికి సొంత దేశం వాళ్లు, చదువు వ్యవహారాలకు స్థానికులు, సరదాకు మిగతా దేశాల వాళ్లు అని తేలింది. ఎవరి అవసరం వాళ్లది. సొంత సంస్కృతిని నిలుపుకుంటూనే కొత్త సమాజంలో కలిసేవాళ్లు మేలుగా కుదురుకుంటారని మరో మనస్తత్వశాస్త్రవేత్త జాన్ బెర్రీ కూడా అన్నారు.

తిరిగొచ్చేవాళ్ల మాట అందరూ మరిచిపోతారు. సొంతగడ్డ మీద మళ్లీ అదే అవస్థ మొదలవుతుందని పరిశోధకులైన గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. ఈ తీరానికి వలసా కొత్త కాదు, తిరిగి రావడమూ కొత్త కాదు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో కాలినడకన వెనక్కి వచ్చారు. ఇప్పుడు వీసా గడువు అయిపోయి పలాసలో, సోంపేటలో రైలు దిగేవాళ్లకు మర్నాటి నుంచే "ఉద్యోగం రాలేదా?" అన్న ప్రశ్న, మరోపక్క లోన్ వాయిదాలు. వెళ్లే ముందు సలహాలిచ్చే కన్సల్టెన్సీలకు వీళ్లతో పనిలేదు. వారానికి ఒకపూట వీళ్లను కూర్చోబెట్టి మాట్లాడే ఏర్పాటు జిల్లాలోని కాలేజీలు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ తలుచుకుంటే చేయగలవు. వెళ్లబోయేవాళ్లనూ అక్కడికే రానిస్తే ఇంకా మంచిది.