పుస్తకం అంటే పుసతకం అని ఎందుకు రాస్తారు

మా పాప ఒకటో తరగతి, గుణింతాలు గడగడా అప్పజెప్తుంది, డిక్టేషన్‌లో మాత్రం పుస్తకం అంటే పుసతకం అని రాస్తోంది, రోజుకి రెండు పేజీలు ఎక్కువ రాయించమంటారా అని ఒకావిడ అడిగారు. వద్దండీ, ఇది చేతి సమస్య కాదు, చెవిది. కథలు చెప్పడం, మాటలు నేర్పడం అన్నీ అవసరమే, అందరూ చెప్పేవే కాబట్టి వదిలేద్దాం, నాకు ఇంట్రెస్ట్ అంతా మాటని పిల్లలు ముక్కలుగా ఎలా వింటారన్న దాని మీదే.

1974లో అమెరికాలో ఇసాబెల్ లీబర్మన్ వాళ్ళు పిల్లల చేతికి చిన్న కర్రపుల్ల ఇచ్చి మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బల్ల మీద కొట్టమన్నారు. నాలుగేళ్ళ వాళ్ళలో దాదాపు సగం మంది సిలబుల్స్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కల లెక్క సరిగ్గా కొట్టారు, కానీ విడి శబ్దాలు, అంటే "క"లో క్ వేరు అ వేరు అన్నట్టు, ఒక్కళ్ళూ కొట్టలేదు. పెద్దయితే అదే వస్తుందిలే అనుకుంటాం కదా, 1979లో పోర్చుగల్‌లో జోస్ మొరైస్ బృందం చదువురాని పెద్దవాళ్ళని మాటలో మొదటి శబ్దం తీసేసి చెప్పమంటే వాళ్ళూ తడబడ్డారు, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళు మాత్రం చాలావరకు చెప్పేశారు. నోట్లో క్, అ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి, మధ్యలో గ్యాప్ ఉండదు మరి.

మన లిపిలో అక్షరం దాదాపు సిలబుల్ సైజు కాబట్టి "పలక"తో ఏ గొడవా లేదు, ప-ల-క, చెవికీ రాతకీ ఒకటే లెక్క. ఒత్తు దగ్గరే తేడా కొడుతుంది. చప్పట్లు కొడుతూ మెల్లగా అనండి, పుస్-త-కం. రాతలో? పు-స్త-కం. స్ వెళ్ళి పక్క అక్షరంలో చేరిపోయింది! చెట్టు కూడా అంతే, చెవికి చెట్-టు, రాతకి చె-ట్టు. అంటే ఆ పాప విన్నది విన్నట్టే రాసింది, అచ్చు లేని స్‌ని ఏం చేయాలో తెలీక "స" పెట్టేసింది. స్‌నీ త్‌నీ విడిగా పట్టుకుంటేనే ఒత్తు పడుతుంది, అమెరికా పిల్లలు కొట్టలేనిది సరిగ్గా అదే. గుణింతం అసలు దీనికే పనికి రావాలి, కి కు కెలో మారనిది క్ అని వినపడాలి, మనమేమో దాన్ని రాగం తీసి బట్టీ పట్టిస్తాం. బాసరలో అక్షరాభ్యాసం చేయించండి, బియ్యంలో దిద్దించండి, నేనేం వద్దనను, మర్నాటి నుంచే మూడేళ్ళ వేళ్ళతో కాపీ రైటింగ్ దేనికంట?

దానికి బదులు ఆట ఆడించండి. "నేను"ని "కనేకను" అనే క భాష తెలుసుగా, అందులో పుస్తకం అనమనండి. బడికెళ్ళని పిల్లలు "కపుస్‌కతకకం" అనీ, ఒత్తులు వచ్చినవాళ్ళు "కపుకస్తకకం" అనీ అంటారని నా అనుమానం. మీ ఇంట్లో రెండు వయసుల వాళ్ళూ ఉంటే ఇవాళే అడిగి చూడండి.