నవ్వించిన బ్యాట్‌మ్యాన్: 1966 నాటి తొలి ఎపిసోడ్‌పై తెగని వాదనకు నేపథ్యం

1966 జనవరి 12, బుధవారం రాత్రి ఏడున్నరకు అమెరికాలో ఏబీసీ చానెల్ ‘బ్యాట్‌మ్యాన్’ ధారావాహిక మొదటి ఎపిసోడ్‌ను ప్రసారం చేసింది. మర్నాడు అదే వేళకు దాని రెండో భాగం వచ్చింది. రెండూ కలిపి చూసినా గంటలోపు ముగిసే కథ అది. అయినా దానిపై అభిమానుల మధ్య మొదలైన వాదన అరవై ఏళ్లు గడిచినా తెగలేదు. ఆడం వెస్ట్ బ్యాట్‌మ్యాన్‌గా, బర్ట్ వార్డ్ అతడి కుర్ర సహచరుడు రాబిన్‌గా నటించిన ఈ హాస్య ధారావాహిక ఆ వీరుణ్ణి నవ్వులపాలు చేసిందని ఒక వర్గం, అతణ్ణి మరుగున పడిపోకుండా కాపాడిందని మరో వర్గం గట్టిగా నమ్ముతూ వచ్చాయి. ఎపిసోడ్‌కు 60 ఏళ్లు నిండిన 2026లో దాన్ని మళ్లీ చూసేవారికి, ముఖ్యంగా క్రిస్టఫర్ నోలన్ చిత్రాలతోనే బ్యాట్‌మ్యాన్‌ను ఎరిగిన మన తెలుగు ప్రేక్షకులకు, ఈ తగవు ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే ఆ కథలోని విశేషం పూర్తిగా అందుతుంది.

బిల్ ఫింగర్, బాబ్ కేన్ కలిసి 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్‌ను పరిచయం చేసినప్పుడు అతడు చీకట్లో తిరిగే కఠినమైన వేటగాడు. మరుసటి ఏడాదే రాబిన్ వచ్చి చేరడంతో కథల్లో కొంత వెలుగు పడింది. అసలు మార్పు 1954లో జరిగింది. పిల్లల్లో నేరప్రవృత్తికి కామిక్సే కారణమని మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ ఆ ఏడాది ఒక పుస్తకంలో వాదించారు. బ్యాట్‌మ్యాన్, రాబిన్‌ల మధ్య ఉన్న బంధాన్ని కూడా ఆయన తప్పుబట్టారు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమంతట తామే కామిక్స్ నియమావళిని తెచ్చిపెట్టుకున్నారు. ఆ తర్వాత పదేళ్లపాటు బ్యాట్‌మ్యాన్ కథలు జరిగే గోథమ్ నగరంలో హత్యలు, చీకటి సందులు తగ్గి, వాటి స్థానంలో గ్రహాంతరవాసులు, వింత యంత్రాలు, ముసుగు తొడుక్కున్న కుక్క ప్రవేశించాయి. బ్యాట్‌మ్యాన్‌ను టీవీవాళ్లు చెడగొట్టారని నిందించేవారు చాలాసార్లు ఈ పదేళ్లను మరచిపోతారు. టీవీకి రాకముందే అతడు పట్టపగలు తిరిగే, చట్టాన్ని గౌరవించే, పిల్లలకు బుద్ధులు చెప్పే మర్యాదస్తుడిగా మారిపోయి ఉన్నాడు.

అమ్మకాలు పడిపోవడంతో 1964లో సంపాదకుడు జూలియస్ ష్వార్జ్‌కు బాధ్యత అప్పగించారు. ఆయన గ్రహాంతరవాసులను సాగనంపి, అపరాధ పరిశోధనను వెనక్కి తెచ్చి, బ్యాట్‌మ్యాన్ ఛాతీపై గబ్బిలం గుర్తు చుట్టూ పసుపు వలయం గీయించారు. 1948లో రెండు కథల్లో కనిపించి మాయమైన రిడ్లర్ అనే పొడుపుకథల దొంగను 1965లో ‘బ్యాట్‌మ్యాన్’ 171వ సంచికలో మళ్లీ బయటకు తీసింది కూడా ఆయన హయాంలోనే. గార్డ్‌నర్ ఫాక్స్ రాసిన ఆ కథే టీవీ ధారావాహిక తొలి ఎపిసోడ్‌కు ఆధారమైంది.

అదే 1965లో మరో సంగతి జరిగింది. 1943లో పదిహేను భాగాలుగా వచ్చిన పాత బ్యాట్‌మ్యాన్ సినిమా సీరియల్‌ను థియేటర్లలో ఏకబిగిన మళ్లీ ప్రదర్శించగా, కాలేజీ విద్యార్థులు గుంపులుగా వెళ్లి దాని గంభీరమైన మాటలకు పగలబడి నవ్వారు. అతి గంభీరంగా చేసినదాన్ని ఆ గంభీరత కోసమే ఇష్టపడి ఆనందించే ‘క్యాంప్’ ధోరణి గురించి రచయిత్రి సూసన్ సోంటాగ్ 1964లోనే ఒక వ్యాసం రాశారు. న్యూయార్క్ మేధావుల నోట ఆ మాట బాగా నలుగుతున్న రోజులవి. మూడు పెద్ద చానెళ్లలో వెనకబడి ఉన్న ఏబీసీకి సీజన్ మధ్యలో జనాన్ని లాగే కార్యక్రమం అత్యవసరమైంది. ఆ పని నిర్మాత విలియం డోజియర్ చేతికి వచ్చింది. ఆయన అంతకుముందు ఒక్క కామిక్ కూడా చదివినవారు కాదు. కొన్ని సంచికలు కొనుక్కుని విమానంలో చదివాక, దీన్ని తేలిగ్గా చేస్తే తేలిపోతుందని, ఎంత గంభీరంగా చేస్తే పెద్దవాళ్లకు అంత నవ్వొస్తుందని, పిల్లలకు మాత్రం అది నిజమైన సాహసంగానే కనబడుతుందని ఆయనకు తట్టింది. స్పెయిన్‌లో ఉంటున్న రచయిత లోరెంజో సెంపుల్‌ను కలిసి ఆ ఆలోచన చెప్పారు. సెంపుల్ రాసిన రచనను రాబర్ట్ బట్లర్ తెరకెక్కించారు.

ఇక ఆ ఎపిసోడ్‌నే చూద్దాం. ప్రపంచ ప్రదర్శనలోని మోల్డేవియా మంటపంలో విందు కేకు పేలి, అందులోంచి ఒక పొడుపుకథ బయటపడుతుంది. పోలీసులు చేతులెత్తేస్తారు. పోలీసు కమిషనర్ గోర్డన్ బ్యాట్‌మ్యాన్‌ను పిలిచే ఎర్ర ఫోన్ ఎత్తుతాడు. అవతల వేన్ భవనంలో బ్రూస్ వేన్, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్, ఆ సమయంలో నేర నివారణ కేంద్రాల గురించి నగర ప్రముఖులతో సమావేశమై ఉంటాడు. ఇలాంటి కేంద్రాలు అప్పట్లోనే ఉండి ఉంటే దుర్మార్గుల చేతిలో తన తల్లిదండ్రులు హత్యకు గురయ్యేవారు కాదేమోనన్న అర్థం వచ్చేలా అతడు అక్కడ ఒక మాట అంటాడు. చాలామంది చూసీ చూడనట్టు దాటిపోయే మాట అది. ఈ ధారావాహిక బ్యాట్‌మ్యాన్ విషాదాన్ని పూర్తిగా చెరిపేసిందని దశాబ్దాలుగా వినిపించే ఆరోపణకు జవాబు, మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషాల్లోనే ఉంది. తర్వాతి ఎపిసోడ్లలో ఆ ప్రస్తావన దాదాపుగా రాలేదన్నది నిజమే. కానీ ఆ గాయాన్ని తెలిసే, దాన్ని ఒప్పుకునే ఈ కథ మొదలైంది.

ఆ తర్వాత షేక్‌స్పియర్ బొమ్మ తల వెనక్కి వంచడం, లోపలి మీట నొక్కగానే పుస్తకాల అర పక్కకు జరగడం, బ్యాట్‌మ్యాన్, రాబిన్ ఇద్దరూ స్తంభాలు పట్టుకుని తమ రహస్య స్థావరమైన గుహలోకి జారడం, లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులోని బ్రాన్సన్ గుహలోంచి నల్లటి కారు దూసుకురావడం వరసగా జరుగుతాయి. 1955లో లింకన్ కంపెనీ నమూనాగా తయారు చేయించిన ‘ఫ్యూచురా’ కారును జార్జ్ బారిస్ మార్చి ఈ బ్యాట్‌మొబీల్‌ను తయారు చేశారు. 2013లో వేలం వేసినప్పుడు దానికి 42 లక్షల డాలర్ల పాట పలికింది.

రిడ్లర్ పన్నిన వల ఏమిటంటే, తాను నేరం చేస్తున్నట్టు భ్రమ కల్పించి బ్యాట్‌మ్యాన్ చేత తనను అన్యాయంగా అరెస్టు చేయించుకోవడం. ఆ అరెస్టు ఫొటోలు చేతికి చిక్కగానే పది లక్షల డాలర్లకు దావా వేస్తాడు. కోర్టు బోను ఎక్కితే బ్యాట్‌మ్యాన్ తన ముసుగు తీయక తప్పదు. ఎక్కడో లోకాన్ని పేల్చేసే బాంబు కాదు, ఒక సివిల్ దావా ఇక్కడ వీరుడి మెడకు చుట్టుకుంటుంది. చట్టానికి కట్టుబడినవాణ్ణి చట్టంతోనే పట్టాలన్న ఈ ఎత్తు నాకు ఇప్పటికీ చాలా తెలివైనదిగా తోస్తుంది. ఫ్రాంక్ గోర్షిన్ రిడ్లర్‌గా పకపకా నవ్వుతూ ఎగురుతూ, మరుక్షణంలో కళ్లలో క్రూరత్వం నింపుకుని ఈ పాత్రను మోశారు. ఆ నటనకు ఆయన పేరు అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కార పరిశీలన దాకా వెళ్లింది. హాస్య విభాగంలో ధారావాహికకూ నామినేషన్ దక్కింది.

డిస్కో సన్నివేశం అందరికీ గుర్తుండేది. రాబిన్‌కు వయసు చాలదు కనుక అతడు బయట కారులో కూర్చుంటాడు. నీలం టోపీ, ముసుగు, భుజాలపై వేలాడే వస్త్రంతో లోపలికి వచ్చిన బ్యాట్‌మ్యాన్, అందరి దృష్టీ తనపై పడటం ఇష్టం లేదంటూ ముందు వరుస బల్ల వద్దని బార్ దగ్గర నిలబడి, తాజా నారింజ రసం అడుగుతాడు. అందులో మత్తుమందు కలుస్తుంది. రిడ్లర్ ముఠాలోని మోలీ అనే యువతితో కలిసి, కళ్లకు అడ్డంగా వేళ్లు కదుపుతూ అతడు చేసే నృత్యం ‘బట్యూసీ’ పేరుతో దేశమంతా పాకింది. ఇంతలో బయట రాబిన్‌ను ఎత్తుకుపోతారు. తూలుతూ కారెక్కబోయిన బ్యాట్‌మ్యాన్‌ను, ఈ స్థితిలో బండి నడపకూడదని పోలీసే ఆపేస్తాడు. ఇక్కడ ఆడం వెస్ట్ ముఖం చూడండి. ఒక్క కండరం కూడా నవ్వదు. తాను హాస్యం చేస్తున్నానని ప్రేక్షకుడికి కన్ను గీటే నటుడైతే ఈ సన్నివేశం అక్కడే కూలిపోయేది. ఆ పాత్రకు తన మర్యాద నిజం, తన దుఃఖం నిజం, తన నారింజ రసం కూడా నిజమే.

రెండో భాగంలో రాబిన్ ముఖాన్ని పోలిన ముసుగు వేసుకుని మోలీ గుహలోకి వస్తుంది. బ్యాట్‌మ్యాన్ ముందే కనిపెట్టి ఆమె తుపాకీ పేలకుండా చేసి ఉంచుతాడు. ఆమె బెదిరి పారిపోతూ గుహలోని అణు యంత్రంపైకి ఎక్కుతుంది. అతడు దిగమని బతిమాలుతూ చెయ్యి చాస్తాడు. ఆమె జారి అందులో పడి చనిపోతుంది. హాస్యంగానే మొదలైన కథలో ఒక మనిషి కళ్ల ముందే చనిపోవడం, ఆమెను కాపాడలేకపోయానని వీరుడు బాధపడటం ఈ ధారావాహికలో మళ్లీ అరుదుగా తప్ప కనిపించవు. నా ఉద్దేశంలో వాదనకు దిగేవారు మొదట చూడవలసింది ఈ సన్నివేశాన్నే. నవ్వుకోవడానికి మాత్రమే కథ రాసేవారు దీన్ని రాయరు.

ప్రసారానికి ముందు నిర్వహించిన పరీక్షా ప్రదర్శనలో ప్రేక్షకులు పెదవి విరిచారని ఆ బృందమే తర్వాత చెప్పుకుంది. ప్రసారమయ్యాక మాత్రం దేశం ఊగిపోయింది. ఆ సీజన్ రేటింగుల్లో గురువారం ఎపిసోడ్లు ఐదో స్థానంలో, బుధవారం ఎపిసోడ్లు మొదటి పదిలో నిలిచాయి. 1966 మార్చి 16న జెమినై 8 వ్యోమనౌక ప్రమాదంలో పడినప్పుడు ఏబీసీ బ్యాట్‌మ్యాన్‌ను ఆపి వార్తలు ప్రసారం చేస్తే, కార్యక్రమం ఆపినందుకు ప్రేక్షకులు చానెల్‌కు ఫోన్లు చేసి కోప్పడ్డారు. ‘బ్యాట్‌మ్యాన్’ కామిక్ సగటు అమ్మకం ఆ ఏడాది తొమ్మిది లక్షల ప్రతుల దరిదాపులకు చేరింది. 1964లో కామిక్స్‌లో చంపేసిన సేవకుడు ఆల్ఫ్రెడ్‌ను, టీవీలో అతడు ఉన్నాడు కాబట్టి, 1966లో బతికించి తిరిగి తేవలసి వచ్చింది.

తొలి ఎపిసోడ్ ప్రసారమైన రాత్రి న్యూజెర్సీలో మైఖేల్ ఉస్లాన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు టీవీ ముందు కూర్చున్నాడు. కారు, రంగులు చూసి మొదట మురిసిపోయిన అతడికి, లోకమంతా తన వీరుణ్ణి చూసి నవ్వుతోందని కాసేపటికి అర్థమై మనసు విరిగిపోయింది. ఏనాటికైనా ఆ నవ్వును చెరిపేసి బ్యాట్‌మ్యాన్‌ను గంభీరంగా చూపిస్తానని అప్పుడే పట్టుబట్టానని ఆయన పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పారు. 1979లో బెంజమిన్ మెల్నికర్‌తో కలిసి సినిమా హక్కులు కొని, పదేళ్లు తిరిగి, 1989లో టిమ్ బర్టన్ చిత్రాన్ని సాధించారు. ఆ చిత్రంలో హాస్యనటుడిగా పేరున్న మైఖేల్ కీటన్‌ను ఎంపిక చేశారని తెలియగానే నిరసన తెలుపుతూ వార్నర్ సంస్థకు వచ్చిన ఉత్తరాలు దాదాపు 50 వేలు. 1966 మళ్లీ వస్తుందేమోనన్న భయమే అందులో ఎక్కువ. అంతకుముందే, ధారావాహిక ముగిసిన మరుసటి ఏడాది 1969 చివర్లో కామిక్స్‌లో రాబిన్‌ను కాలేజీకి పంపేశారు. రచయిత డెన్నీ ఓనీల్, చిత్రకారుడు నీల్ ఆడమ్స్ బ్యాట్‌మ్యాన్‌ను మళ్లీ చీకట్లోకి నడిపించారు. 1986లో కామిక్స్ రచయిత ఫ్రాంక్ మిల్లర్ ఆ చీకటిని ఇంకా చిక్కబరిచారు. ఈ ధోరణి అంతా ఒక రకంగా ఆ తొలి ఎపిసోడ్‌కు చెప్పిన సమాధానమే.

ఆ ఎపిసోడ్‌ను ప్రశాంతంగా తిరిగి చూసుకునే అవకాశం మాత్రం అభిమానులకు చాలా కాలం దొరకలేదు. ధారావాహికను తీసింది ట్వెంటీయెత్ సెంచురీ ఫాక్స్, పాత్రలపై హక్కు డీసీ కామిక్స్‌ది, అంటే వార్నర్‌ది. ఇద్దరూ ఒప్పందానికి రాలేక వీడియో విడుదల దశాబ్దాలు వాయిదా పడింది. ప్రకటనల కోసం అక్కడక్కడా కత్తిరించిన పునఃప్రసారాలు, ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులే దిక్కయ్యాయి. 2014 నవంబరులో మొత్తం 120 ఎపిసోడ్లు శుభ్రపరిచిన రంగులతో డిస్కులపై విడుదలయ్యాకే, జ్ఞాపకంలో ఉన్న ఎపిసోడ్ వేరు, తెరపై ఉన్న ఎపిసోడ్ వేరు అని చాలామందికి తెలిసింది. నేరగాళ్ల స్థావరాలను ఒరిగిన కెమెరాతో చిత్రించిన తీరు, నెల్సన్ రిడిల్ సంగీతం, డోజియర్ స్వయంగా చెప్పిన వ్యాఖ్యానం, ఇవన్నీ ఎంత శ్రద్ధగా కూర్చినవో ఆ ప్రతుల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

మెల్లగా రెండు వర్గాల మధ్య రాకపోకలు కూడా మొదలయ్యాయి. చీకటి బ్యాట్‌మ్యాన్‌కు చిరునామాగా నిలిచిన 1992 నాటి యానిమేషన్ ధారావాహికలో, మరుగున పడిన ఒక పాత టీవీ వీరుడి పాత్రకు ఆడం వెస్ట్ చేత గొంతు ఇప్పించారు. ఆ కథలో చిన్ననాటి బ్రూస్‌కు ఆ టీవీ వీరుడే ఆదర్శం. 2013లో డీసీ సంస్థే 1966 లోకంలో జరిగే కొత్త కామిక్స్ ప్రచురించింది. 2017లో వెస్ట్ కన్నుమూసినప్పుడు లాస్ ఏంజెలెస్ సిటీ హాల్ గోడపై గబ్బిలం గుర్తు వెలిగించి నగరం ఆయనకు నివాళి అర్పించింది.

ఈ ధారావాహికపై వచ్చే విమర్శల్లో చాలావరకు న్యాయమైనవేనని నేను ఒప్పుకుంటాను, కాకపోతే అవి తొలి ఎపిసోడ్‌కు వర్తించవు. వారానికి రెండు భాగాల చొప్పున తీస్తూ పోయేసరికి విలన్ ప్రవేశం, ఉచ్చు, తప్పించుకోవడం అన్న అచ్చు బిగుసుకుపోయింది. తర్వాతి సీజన్లలో ఖర్చు తగ్గించడానికి, దెబ్బల చప్పుళ్లను చెప్పే అక్షరాలను దృశ్యంపై వేయడం మాని విడి రంగు అట్టలపై చూపించారు. మూడో సీజన్‌లో వారానికి ఒక్క ఎపిసోడ్‌కు కుదించి, సెట్లను నల్లటి తెర ముందు నాలుగు వస్తువులకు పరిమితం చేశారు. బ్యాట్‌గర్ల్‌గా ఇవాన్ క్రేగ్ వచ్చి ఉత్సాహం నింపినా 1968 మార్చి 14న ధారావాహిక ఆగిపోయింది. మనలో చాలామంది దృష్టిలో ఈ ధారావాహిక అంటే ఆ చివరి రోజుల అట్టలు, నల్లతెరలే. సెంపుల్, బట్లర్, వెస్ట్, గోర్షిన్ మొదటి వారంలో చేసింది వేరే పని. అచ్చు ఇంకా పడకముందు తీసిన ఆ రెండు భాగాలను ఒకే రాత్రి వరసగా, మధ్యలో ఆపకుండా చూసి, ఆ తర్వాతే ఈ వాదనలో ఏదో ఒక పక్క నిలబడమని అభిమానులను కోరుతున్నాను.