గోడ మీది కార్డులు: విన్స్ గిలిగన్ దారిలో రైటర్స్ రూమ్ చరిత్ర

2023 మే 2న అమెరికాలో సినిమా, టీవీ రచయితలు సమ్మెకు దిగారు. 148 రోజులు నడిచిన ఆ సమ్మెలో బయటి ప్రపంచానికి ఎక్కువగా వినిపించిన మాటలు రెండు: స్ట్రీమింగ్ పారితోషికం, ఏఐ. టీవీకి రాసేవాళ్లను వాటితో సమానంగా కలవరపెట్టిన డిమాండ్లు మరికొన్ని ఉన్నాయి. రైటర్స్ రూమ్‌లో, అంటే రచయితలంతా కలిసి కూర్చుని షో కథ అల్లే గదిలో, కనీసం ఎంతమంది ఉండాలి? ఎన్ని వారాలు పని ఇవ్వాలి? షూటింగ్ మొదలయ్యాక వాళ్లలో కొందరినైనా ఉంచుతారా, లేక స్క్రిప్టులు తీసుకుని ఇంటికి పంపేస్తారా?

ఇదేదో జీతాల లెక్కలా కనిపిస్తుంది కానీ, ఒక విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా చేరుతుందన్న విషయం ఇందులో ఉంది. అది అర్థం కావాలంటే, ఒక కెమిస్ట్రీ టీచర్ మాదకద్రవ్యం వండే దారిలోకి దిగే టీవీ షో 'బ్రేకింగ్ బ్యాడ్' సృష్టికర్త విన్స్ గిలిగన్ పనిచేసిన గదుల గుండా వెళ్లి చూడాలి.

గిలిగన్ 1967లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు, ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలించే ఉద్యోగి, తల్లి టీచర్. స్నేహితుడి తల్లి ఆర్ట్ టీచర్. ఆవిడ ఇచ్చిన సూపర్ 8 కెమెరాలతో పిల్లలంతా కలిసి సినిమాలు తీసేవారు. ఆ స్నేహితుడు యాంగస్ వాల్ తర్వాత ఎడిటింగ్‌లో ఆస్కార్లు అందుకున్నాడు. గిలిగన్ న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదివాడు. 1989లో వర్జీనియా రాష్ట్రం పెట్టిన స్క్రీన్‌ప్లే పోటీలో నెగ్గాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరైన నిర్మాత మార్క్ జాన్సన్ ఆ కుర్రాడిని గుర్తుపెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత 'బ్రేకింగ్ బ్యాడ్' నిర్మాతల్లో ఆయన పేరే కనిపిస్తుంది.

అసలు చదువు మాత్రం 1995లో మొదలైంది. 'ది ఎక్స్-ఫైల్స్' రెండో సీజన్‌కి బయటి రచయితగా ఒక ఎపిసోడ్ రాసిచ్చి, మూడో సీజన్‌కల్లా స్టాఫ్‌లో చేరాడు. ఆ షో తొమ్మిది సీజన్లలో 202 ఎపిసోడ్లు నడిచింది. దాదాపు ముప్పైకి అతని పేరుంది. ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లంటే, ఒకటి రాస్తుంటే ఇంకొకటి షూటింగ్‌లో, మరొకటి ఎడిటింగ్‌లో ఉన్నట్టు. మన సీరియళ్ల టైటిల్స్‌లో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు మరొకరివి అని విడివిడిగా పడతాయి. క్రిస్ కార్టర్ నడిపిన ఆ షోలో రాసినవాడే తన ఎపిసోడ్ వెంట నడవాలి. నటుల ఎంపికలో కూర్చోవాలి, వాంకూవర్ వెళ్లి లొకేషన్ చూడాలి, సెట్‌లో నిలబడాలి, ఎడిటింగ్ పూర్తయ్యేదాకా ఉండాలి. తను రాసిన ఒక్క వాక్యం యూనిట్‌కి ఎన్ని గంటల పనవుతుందో కళ్లారా చూసిన రచయిత ఇంకోసారి ఆ వాక్యాన్ని ఆలోచించి రాస్తాడు. చివరి సీజన్లలో గిలిగన్ చేతికి దర్శకత్వం కూడా వచ్చింది.

ఆ రోజుల పనే తర్వాత అక్కరకొచ్చింది. 1998లో అతను రాసిన 'డ్రైవ్' ఎపిసోడ్‌లో ఒక మొరటు మనిషి కారు ఆపితే చచ్చిపోతాడు. నోరు తెరిస్తే ద్వేషమే. అయినా వాడు పోతుంటే చూసేవాళ్లకి జాలి కలగాలి. ఆ పాత్ర చేసింది బ్రయాన్ క్రాన్‌స్టన్. పదేళ్ల తర్వాత 'బ్రేకింగ్ బ్యాడ్'లోని ఆ టీచర్ వాల్టర్ వైట్ పాత్రకి ఒక కామెడీ సీరియల్ తండ్రి ఏం సరిపోతాడని ఏఎంసీ ఛానల్ వాళ్లు సందేహిస్తే, గిలిగన్ వాళ్లకి ఆ పాత ఎపిసోడ్ చూపించాడు.

2002లో 'ఎక్స్-ఫైల్స్' ముగిశాక కొన్నేళ్లు సరైన పని లేదు. కాలేజీ సహాధ్యాయి, తోటి రచయిత థామస్ ష్నాజ్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ, వ్యాన్‌లో మాదకద్రవ్యం వండుకుంటూ ఊళ్లు తిరుగుదామా అనుకున్న మాటలోంచి పుట్టిన కథే 'బ్రేకింగ్ బ్యాడ్'. కథ మొదట కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో జరగాలి. న్యూ మెక్సికో రాష్ట్రం ఖర్చులో 25 శాతం వెనక్కి ఇస్తానంది కాబట్టి ఆల్బకర్కీకి మారింది. ఆ ఎడారి, ఆ ఆకాశం చూశాక చిన్నప్పటినుంచి ఇష్టపడ్డ ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె వెస్టర్న్‌ల (కౌబాయ్ సినిమాల) వెడల్పాటి ఫ్రేములు షోలోకి వచ్చేశాయి. లెక్కల పుస్తకం చేసిన నిర్ణయం షో ముఖాన్నే మార్చేసింది.

రచన మాత్రం బర్బాంక్‌లోని ఒక గదిలో జరిగేది. గోడకి కార్క్ బోర్డు. దాని మీద ఐదు నిలువు వరసలు: టీజర్ (టైటిల్స్‌కి ముందు వచ్చే చిన్న భాగం), ఆ తర్వాత నాలుగు అంకాలు. ఒక్కో సంఘటనకీ ఒక్కో అట్టకార్డు. దాని మీద లావు మార్కర్‌తో నాలుగైదు మాటలు. పిన్నుతో గుచ్చుతారు, పీకుతారు, జరుపుతారు. ఆరేడుగురు కూర్చుని ఒక్క ఎపిసోడ్‌ని ఇలా విడగొట్టడానికి రెండు వారాల దాకా పట్టేది. బోర్డు నిండాక ఒకరు దాన్ని పట్టుకెళ్లి స్క్రిప్ట్ రాస్తారు.

కార్డు చిన్నదిగా ఉండటంలోనే కిటుకుంది. మంచి డైలాగు అడ్డం పెట్టుకుని బలహీనమైన సీన్‌ని దాచుకునే చోటు అందులో ఉండదు. ముందు కార్డు వల్లే ఈ కార్డు వచ్చిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. గదిలో పదే పదే వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ క్షణాన వాల్ట్ బుర్రలో ఏముంది? తర్వాత ఏం జరిగితే బాగుంటుంది అని మొదలుపెడితే పాత్రల్ని మెడపట్టి తోసుకెళ్లాల్సి వస్తుంది. ప్రేక్షకుడు ఆ చేతిని ఇట్టే పసిగడతాడు.

దీనికి గట్టి ఉదాహరణ మూడో సీజన్. వాల్ట్‌ని చంపడానికి మెక్సికో నుంచి గొడ్డలితో వచ్చిన అన్నదమ్ములిద్దరినీ సీజన్ మొత్తానికి విలన్లుగా అనుకున్నారు. కానీ అంత కసి మీదున్నవాళ్లు పదమూడు ఎపిసోడ్ల పాటు చేతులు కట్టుకుని ఎందుకు కూర్చుంటారు? వాళ్లని ఆపే కారణం గదికి దొరకలేదు. ఏడో ఎపిసోడ్‌లోనే పోరు తెగిపోయింది. ఆ ఖాళీలోకి, రెండో సీజన్‌లో చిన్న పాత్రగా అడుగుపెట్టిన డ్రగ్స్ వ్యాపారి గస్ ఫ్రింగ్ వచ్చి నిలబడ్డాడు.

తప్పులూ జరిగాయి. ఐదో సీజన్ మొదటి సీన్‌లో (2012 జూలై) వాల్ట్ కారు డిక్కీలో ఎం60 మెషిన్‌గన్ చూపించేశారు. అది ఎవరి మీదికో రాసినవాళ్లకే తెలియదు. ముందు బొమ్మ చూపించి తర్వాత కారణం వెతకడం వాళ్ల పద్ధతికే ఎదురు, గది నెలల తరబడి దాని చుట్టూ తిరిగింది. చివరికి గ్యారేజీ తలుపు తెరిచే మోటారుకి ఆ తుపాకిని అమర్చి, కారు తాళంచెవి మీది బటన్‌తో తిప్పే ఉపాయం తట్టింది. 2013 సెప్టెంబర్ 29న ప్రసారమైన 62వ, ఆఖరి ఎపిసోడ్‌లో అది పేలింది.

2007–08 సమ్మె మొదటి సీజన్‌ని తొమ్మిది నుంచి ఏడు ఎపిసోడ్లకి కోసేసింది. ఆ సమ్మె వల్లే వాల్ట్ జతగాడు జెస్సీ పాత్ర చావు తప్పించుకుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ జెస్సీగా చేసిన ఆరన్ పాల్ నటన చూసి రెండో ఎపిసోడ్‌కల్లా ఆ ఆలోచన వదిలేశానని గిలిగన్ స్వయంగా చెప్పాడు. రాసేవాడు సెట్‌లో ఉన్నాడు కాబట్టే ఆ కుర్రాడి సత్తా అంత తొందరగా తెలిసింది.

2010 నాటి 'ఫ్లై' ఎపిసోడ్ కూడా అలాంటిదే. సీజన్ ఖర్చు హద్దు దాటింది. యూనిట్ లొకేషన్ మారిన ప్రతిసారీ లారీలు, లైట్లు, మనుషులు కదలాలి, సగం రోజు పోతుంది. అందుకని ఇద్దరు నటులు, ఒక ల్యాబ్ సెట్, ఒక ఈగతో దాదాపు ఎపిసోడ్ అంతా రాశారు. సెట్ ఎలా నడుస్తుందో తెలియని రచయితకి ఇది చేతకాదు. రాసిన ఇద్దరిలో ఒకరైన మోయిరా వాలీ-బెకెట్ 2014లో 'ఓజిమాండియాస్' ఎపిసోడ్‌కి ఎమ్మీ అందుకుంది.

గార్డన్ స్మిత్ సంగతి ఇంకా స్పష్టం. రచయితలకి కావలసినవి అందించే కుర్రాడిగా ఆ గదిలోకి వచ్చాడు, తర్వాత గిలిగన్‌కి అసిస్టెంట్ అయ్యాడు. 2015లో, 'బ్రేకింగ్ బ్యాడ్' కథకి ముందరి కథ చెప్పే 'బెటర్ కాల్ సాల్'కి అతను రాసిన 'ఫైవ్-ఓ' ఎమ్మీ నామినేషన్ దాకా వెళ్లింది. 63 ఎపిసోడ్ల ఆ షో ముగిసేలోపు తను రాసినదాన్ని తనే డైరెక్ట్ చేశాడు.

స్ట్రీమింగ్ తెచ్చిన 'మినీ రూమ్' తెంపేసింది సరిగ్గా ఈ దారినే. షో ఖాయం కాకముందే ముగ్గురు నలుగుర్ని కొన్ని వారాలు కూర్చోబెట్టి కథంతా తేల్చేస్తారు. షూటింగ్ నాటికి షోరన్నర్ (షో మొత్తాన్ని నడిపే ప్రధాన రచయిత) ఒక్కరే మిగులుతారు. సీన్ సెట్‌లో ఎందుకు పండలేదో రాసినవాడికి ఎప్పటికీ తెలియదు. వాడిదే రేపు షోరన్నర్ కుర్చీ అయితే నేర్చుకోవడానికి మొదటి ప్రయోగం కోట్ల డాలర్ల మీద జరుగుతుంది.

సెప్టెంబర్ 2023 ఒప్పందంలో కొన్ని అంకెలు పడ్డాయి. ఖాయమైన షోకి ఆరు ఎపిసోడ్ల వరకు ముగ్గురు, ఏడు నుంచి పన్నెండుకి ఐదుగురు, పదమూడు, ఆపైన అయితే ఆరుగురు రచయితలు ఉండాలి. వాళ్లలో ఇద్దరు షూటింగ్‌లోనూ కొనసాగాలి, 20 వారాలు లేదా షూటింగ్ ఉన్నన్నాళ్లు, ఏది తక్కువైతే అది. ఒక్కరే సీజన్ మొత్తం రాస్తే ఈ నియమం వర్తించదు.

గిలిగన్ కొత్త షో 'ప్లూరిబస్' 2025 నవంబర్ 7న ఆపిల్ టీవీలో మొదలైంది. మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లు, మళ్లీ ఆల్బకర్కీ. మూడో ఎపిసోడ్ రచన, దర్శకత్వం: గార్డన్ స్మిత్. ప్రతి ఎపిసోడ్ చివరి పేర్లలో ఒక వాక్యం పడుతుంది: ఈ షోని మనుషులు తయారుచేశారు.